ఏమరుపాటు తగదు

విద్య దొంగలకు చిక్కని ధనమని మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. బంగారాన్ని దొంగ అపహరించవచ్చు. భూమిని దాయాదులు పంచుకోవచ్చు. విద్యను మాత్రం ఎవరూ లాగుకొనిపోలేరని వారి భావం. ఆ మాటలో ఎంతో సత్యమున్నది. మనస్సులో నాటుకొన్న విషయాన్ని, చేతికి అబ్బిన నేర్పును ఏ దొంగా మూటగట్టుకొని పోలేడు. అయితే నేటి విద్యార్థి సంపాదించినదంతా అతని మనస్సులోనే ఉన్నదా? ఈ ప్రశ్న వేసుకొన్నప్పుడు మనం కొంత తడబడక తప్పదు. తరగతిలో వ్రాసుకొన్న పాఠాలు, నెలల తరబడి శ్రమించి సిద్ధం చేసిన ప్రాజెక్టు నివేదిక, ఉద్యోగానికి పంపవలసిన దరఖాస్తు, ధ్రువపత్రాల నకళ్లు, ఇంటివారి ఛాయాచిత్రాలు - ఇవన్నీ రెండు కిలోల బరువు తూగే ఒక చిన్న యంత్రంలో నిక్షిప్తమై ఉంటున్నాయి. ఆ యంత్రమే లాప్‌టాప్. దానిని భుజాన వేసుకొని విద్యార్థి బస్సు ఎక్కుతాడు, రైలు దిగుతాడు, గ్రంథాలయంలో కూర్చుంటాడు, సాయంకాలం సముద్రతీరంలో సేద తీరుతాడు. చోరభయం లేదని పెద్దలు చెప్పిన ధనం ఈ విధంగా చోరుల చేతికి అందేంత దూరంలోకి వచ్చింది. కనుక ఆ ధనాన్ని కాపాడుకొనే తీరును గురించి ఆలోచించవలసిన అవసరం ఏర్పడింది.

విశాఖపట్నం కాపలా విలువ ఎరిగిన నగరం. 1933లో ప్రారంభమైన ఓడరేవుకు నేటికీ డాల్ఫిన్స్ నోస్ కొండ పెట్టనికోట వలె నిలిచి ఉన్నది. రేవులోనికి వచ్చిన ఓడను ముందుగా లావుపాటి మోకులతో గట్టుమీది ఇనుప దిమ్మెలకు బంధిస్తారు. ఆ తరువాతనే సరకు దింపే పని మొదలవుతుంది. వేల టన్నుల బరువున్న ఓడను సైతం కట్టకుండా విడిచిపెట్టరు. ఇక ఉక్కు కర్మాగారం సంగతి చూద్దాము. ఎందరో పోరాడి సాధించుకొన్న ఆ కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం ఓడరేవుకూ, ఉక్కు కర్మాగారానికీ కావలి కాస్తున్నది. మనిషి ఎత్తలేని ఇనుమునకు ఇంత కాపలా ఉన్న ఊరిలో, పసిపిల్లవాడైనా ఎత్తుకొనిపోగల లాప్‌టాప్‌ను బల్లమీద ఒంటరిగా వదలి టీ త్రాగడానికి వెళ్లేవారు ఎందరో కనిపిస్తారు. ఇది విచిత్రం కాదా?

ఈ యంత్రానికి తేలికదనమే గుణం, తేలికదనమే దోషం. 1981లో ఆస్‌బర్న్ అనే సంస్థ మోసుకొనిపోదగిన కంప్యూటరును విపణిలోనికి తెచ్చినప్పుడు దాని బరువు సుమారు 11 కిలోలు. దానిని ఎత్తుకొని పరుగెత్తడం ఏ దొంగకూ సులభం కాదు. నాటినుండి నేటివరకు శాస్త్రజ్ఞుల కృషి అంతా దానిని పలుచగా, తేలికగా, శక్తిమంతంగా చేయడానికే సాగింది. ఫలితంగా అది కార్యాలయపు బల్లను విడిచి విద్యార్థి సంచిలోనికి వచ్చింది. మన రాష్ట్రంలో 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం గ్రామీణ విద్యార్థులకు లాప్‌టాప్‌లు ఇచ్చి వాటి ద్వారా బోధన సాగించింది. ఒకనాడు పలక ఎలాగో, నేడు చాలామంది విద్యార్థులకు లాప్‌టాప్ అలాగున అయింది. అయితే పలక పోతే మరొకటి కొనుక్కొనేవారు. దానిమీద వ్రాసినది ఎలాగూ సాయంకాలానికి చెరిగిపోయేదే. లాప్‌టాప్ విషయం అలాంటిది కాదు.

బహిరంగ స్థలాలలో ఈ దొంగతనం ఎలా జరుగుతుందో తెలుసుకొనడానికి విశాఖపట్నం రైల్వే స్టేషను మంచి ఉదాహరణ. ఈ స్టేషను ప్రధాన మార్గానికి ఒక ప్రక్కగా ఉన్నది. హౌరా నుండి చెన్నై వైపు పోయే బండ్లలో ఈ స్టేషనుకు వచ్చేవి, వచ్చిన దిక్కుకే మరలి దువ్వాడ మీదుగా ముందుకు సాగాలి. అందుచేత ఇంజనును ఒక చివర విడదీసి రెండవ చివర తగిలిస్తారు. ఈ పని పూర్తయ్యేవరకు బండి నిలిచి ఉంటుంది. ప్రయాణికులు కాళ్లు చాపుకొనడానికి దిగుతారు. ఒకరు మంచినీళ్లకు, ఒకరు ఇడ్లీ పొట్లానికి, ఒకరు ఫోనులో మాట్లాడడానికి దిగగా, పెట్టె సగం ఖాళీ అవుతుంది. దిగేవారు, ఎక్కేవారు, కూలీలు, వీడ్కోలు చెప్పడానికి వచ్చిన బంధువులు ఒకరినొకరు రాసుకొంటూ తిరుగుతారు. ఎవరు ప్రయాణికుడో, ఎవరు కాదో చెప్పగలిగేవారు ఉండరు.

ఒక విద్యార్థి అటువంటి బండిలో ప్రయాణిస్తున్నాడని ఊహించుకొందాము. అతడు చివరి సంవత్సరం చదువుతున్నాడు. మరునాడు ఉదయం తన ప్రాజెక్టు నివేదికను అధ్యాపకులకు సమర్పించాలి. లాప్‌టాప్ సంచిని పై బెర్తు మీద ఉంచి, ఫోను మాత్రం జేబులో వేసుకొని ప్లాట్‌ఫారం మీదికి దిగాడు. అయిదు నిమిషాలలో తిరిగి వచ్చాడు. సంచి కనిపించలేదు. తోటి ప్రయాణికులను అడిగితే, "మీ తాలూకు మనిషే తీసుకొని వెళ్తున్నాడనుకొన్నాము బాబూ!" అన్నారు. వారి మాటలో అబద్ధం లేదు. సంచిని తీసుకొన్నవాడు తొందరపడలేదు, దొంగచూపులు చూడలేదు, తన సంచి తాను తీసుకొన్నట్లే తీసుకొని నడచిపోయాడు. దొంగ అనగానే ముఖానికి గుడ్డ కట్టుకొని చీకటిలో తిరిగేవాడు మన కన్నుల ముందు మెదలుతాడు. బహిరంగ స్థలంలోని దొంగ అలా ఉండడు. అతడు మనవలె చక్కని దుస్తులు ధరిస్తాడు. మన ప్రక్కనే కూర్చుంటాడు. అవసరమైతే మనతో నాలుగు మంచి మాటలు కూడా మాట్లాడతాడు.

మిగిలిన చోట్ల కూడా పద్ధతి ఇంచుమించు ఇదే. ఆర్టీసీ కాంప్లెక్సులో ఛార్జింగు కోసం గోడకు తగిలించిన యంత్రాన్ని వదలి బస్సు నంబరు చూడడానికి లేస్తారు. గ్రంథాలయంలో స్థానం పోతుందన్న భయంతో లాప్‌టాప్‌నే గుర్తుగా ఉంచి భోజనానికి వెళతారు. రామకృష్ణా బీచిలో చెప్పుల ప్రక్కన సంచి పెట్టి అలలలోనికి దిగుతారు. ఫలహారశాలలో కుర్చీ వెనుకకు సంచి తగిలించి మాటలలో మునిగిపోతారు. రాత్రి ప్రయాణంలో సంచిని కాళ్లవైపు పెట్టుకొని నిద్రిస్తారు. కొన్ని సందర్భాలలో ఒకడు చిల్లర నాణాలు క్రింద పోసి, "మీవేనా?" అని అడుగుతాడు, మనం వంగి చూచేలోగా రెండవవాడు సంచిని మాయం చేస్తాడు. వీటన్నిటిలోనూ దొంగ చూపిన బలం ఏమీ లేదు. మన ఏమరుపాటే అతని పెట్టుబడి.

ఏమరుపాటు చదువురానివారికో, లోకానుభవం లేనివారికో పరిమితమైనదని అనుకొనరాదు. 2000 సెప్టెంబరులో అమెరికాలోని ఇర్వైన్ నగరంలో జరిగిన పాత్రికేయుల సభలో క్వాల్‌కామ్ సంస్థ అధిపతి ఇర్విన్ జేకబ్స్ ప్రసంగించాడు. సెల్‌ఫోను సాంకేతిక విజ్ఞానంలో ఆయన ప్రపంచ ప్రసిద్ధుడు. ప్రసంగం ముగిసిన పిమ్మట వేదిక దగ్గర లాప్‌టాప్ విడిచి, కొద్ది అడుగుల దూరంలో నిలబడి సభికులతో ముచ్చటించాడు. మాటలు పూర్తయి చూచుకొనేసరికి లాప్‌టాప్ లేదు. అదే సంవత్సరం మార్చిలో లండన్‌లోని ప్యాడింగ్టన్ స్టేషనులో బ్రిటన్ గూఢచార సంస్థ ఎం.ఐ.5కు చెందిన ఒక అధికారి లాప్‌టాప్ దొంగలపాలైంది. రహస్యాలను కాపాడడమే వృత్తిగా గలవారికి కూడా ఒక్క క్షణం చూపు మరలితే జరిగినది అది. ఇక రైలులో నిద్రకు ఆగలేని మన విద్యార్థి సంగతి చెప్పవలసిన పని లేదు.

లాప్‌టాప్ పోయినప్పుడు పోయేది ఏమిటి? చాలామంది దాని వెలను తలచుకొని దుఃఖిస్తారు. ఆ దుఃఖం న్యాయమైనదే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామాలనుండి చదువుకై విశాఖకు వచ్చే పిల్లల ఇండ్లలో ఆ యంత్రం పంట అమ్మిన డబ్బుతోనో, అప్పుతోనో, తల్లి మెడలోని గొలుసు తాకట్టుతోనో కొన్నది కావచ్చు. కాని వెల కంటె విలువ గొప్పది. యంత్రాన్ని దుకాణంలో మళ్లీ కొనవచ్చు. అందులో వ్రాసుకొన్న నూరు పుటల నివేదికను ఏ దుకాణమూ అమ్మదు. పరిశోధక విద్యార్థి ఊరూరా తిరిగి సేకరించిన జానపద గేయాలను వినిపించిన వృద్ధులు నేడు జీవించి ఉండకపోవచ్చు. ఆ ధ్వనిముద్రణలు పోతే వారి కంఠాలు రెండవసారి మూగబోయినట్లే. దొంగకు ఈ విలువ తెలియదు. అతడు అందులోని సమస్తాన్ని చెరిపివేసి, ఖాళీ యంత్రాన్ని చవుకగా అమ్ముకొంటాడు. అతనికి దక్కేది కొద్ది రూపాయలు. మనకు పోయేది కొన్ని సంవత్సరాలు.

మరొక నష్టం కూడా కలదు. మన లాప్‌టాప్‌లో మన విషయాలే కాక ఇతరుల విషయాలు కూడా ఉంటాయి. 2006 మే నెలలో అమెరికాలో మాజీ సైనికుల సంక్షేమ శాఖ ఉద్యోగి ఒకరి ఇంటినుండి లాప్‌టాప్‌ను, దానితో పాటు ఒక హార్డ్ డిస్కును దొంగలు తీసుకొనిపోయారు. వాటిలో సుమారు 2 కోట్ల 65 లక్షల మంది వ్యక్తిగత వివరాలు ఉన్నాయి. జూన్ నెలాఖరున అవి దొరికేవరకు దేశమంతా ఆందోళన చెందింది. నేటి విద్యార్థులే రేపు బ్యాంకులలో, ఆసుపత్రులలో, ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేస్తారు. ఒకరి ఏమరుపాటు లక్షలమందికి చేటు తెచ్చే రోజులివి. కనుక జాగ్రత్త అన్నది సొంత ఆస్తికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అది పౌరధర్మం కూడా.

ఈ జాగ్రత్తను మూడు కావళ్లుగా చెప్పుకోవచ్చు. అవి చూపు, కట్టు, ప్రతి.

మొదటిది చూపు. లాప్‌టాప్ మన కంటికి కనిపిస్తూ, మన శరీరానికి తగులుతూ ఉండాలి. కూర్చున్నప్పుడు సంచి పట్టీని కాలికి గాని, చేతికి గాని చుట్టుకోవాలి. కిక్కిరిసిన బస్సులో వీపున ఉన్న సంచిని ముందుకు త్రిప్పుకోవాలి. రైలులో పైన పెట్టక, నిద్రించేటప్పుడు తలక్రింద ఉంచుకోవాలి. లేచి వెళ్లవలసివస్తే వెంట తీసుకొనిపోవాలి. అయిదు నిమిషాలకేనన్న మాట మనస్సులోనికి రానీయరాదు. కంప్యూటరు కంపెనీ పేరు పెద్ద అక్షరాలలో ఉన్న సంచి కంటె పుస్తకాల సంచి వలె కనిపించేది మేలు.

రెండవది కట్టు. ఓడను మోకుతో రేవు గట్టుకు కట్టినట్లే లాప్‌టాప్‌ను బల్లకు కట్టవచ్చును. చాలా లాప్‌టాప్‌ల అంచున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది ఎందుకున్నదో తెలియని విద్యార్థులు ఎందరో. 1990వ దశకంలో కెన్సింగ్టన్ అనే సంస్థ ప్రచారంలోనికి తెచ్చిన ఉక్కు తీగ తాళం కొరకు ఏర్పరచిన రంధ్రమది. తాళాన్ని అందులో బిగించి, తీగను బల్లకాలుకు గాని, స్తంభానికి గాని చుట్టవచ్చు. పనిముట్లతో వచ్చిన దొంగను ఆ తీగ ఆపలేదన్నది నిజమే. కాని బహిరంగ స్థలంలోని దొంగకు కావలసినది నలుగురి కంటబడకుండా క్షణంలో పని ముగించడం. ఆ క్షణాన్ని నిమిషంగా మార్చితే చాలు, అతడు మరొక చోటు వెదుకుకొంటాడు. రైళ్లలో క్రింది బెర్తుల అడుగున గొలుసు కట్టుకొనడానికి వలయాలు ఉంటాయి. పెద్ద పెట్టెను వాటికి కట్టి, లాప్‌టాప్‌ను మాత్రం మన దగ్గరే ఉంచుకొనడం ఉత్తమం.

కట్టు అన్న మాటకు మరొక అర్థం కూడా చెప్పుకొందాము. యంత్రాన్ని బంధించినట్లే అందులోని విషయాన్ని కూడా బంధించాలి. పుట్టిన తేదీనో, సొంత పేరునో పాస్‌వర్డుగా పెట్టుకొనడం తలుపునకు తాళం వేసి చెవిని గుమ్మానికి తగిలించడం వంటిది. దానికి తోడు ఎన్‌క్రిప్షన్ అనే పద్ధతి ఒకటి ఉన్నది. దీనివలన లోపలి సమాచారమంతా పాస్‌వర్డు ఎరుగనివారు చదవలేని రూపానికి మారిపోతుంది. విండోస్‌లోని బిట్‌లాకర్, ఆపిల్ కంప్యూటర్లలోని ఫైల్‌వాల్ట్ ఈ పని చేస్తాయి. దీనిని అమర్చుకొన్నప్పుడు వచ్చే రహస్య సంఖ్యను వేరొక చోట భద్రపరచుకోకపోతే సొంతదారు సైతం చిక్కులో పడతాడన్నది మరువరాదు. ప్యాడింగ్టన్ స్టేషనులో పోయిన లాప్‌టాప్‌లోని విషయాలు ఇటువంటి సంకేతరూపంలోనే ఉన్నాయని అధికారులు చెప్పగలిగారు. ఆ మాట చెప్పగలగడం ఎంత ఊరట!

మూడవది ప్రతి. మూడింటిలోనూ ఇది ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఎందుకనగా చూపు ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతుంది; తీగ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. వేరొక చోట భద్రపరచిన ప్రతి ఉంటే మాత్రం దొంగతనం జరిగిన నాడు కూడా విద్యార్థి శ్రమ నిలిచి ఉంటుంది. పూర్వం తాళపత్ర గ్రంథాలకు లేఖకులు ప్రతులు వ్రాసి వేరు వేరు ఊళ్లలో ఉంచినందువల్లనే ఎన్నో కావ్యాలు మనకు మిగిలాయి. ఒక ఊరిలోని ప్రతిని చెదలు తిన్నా, మరొక ఊరిలోనిది బ్రతికి ఉండేది. ఆ వివేకమే నేడూ కావాలి. ఇక్కడ ఒక పొరపాటును ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. విద్యార్థులలో పెక్కుమంది ప్రతిని పెన్‌డ్రైవ్‌లో తీసి, ఆ పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్ సంచి జేబులోనే ఉంచుతారు. సంచితో పాటు అసలూ పోతుంది, నకలూ పోతుంది. ప్రతిని ఇంటిలోనో, స్నేహితుని వద్దనో, ఇంటర్నెట్ ద్వారా దూరపు కంప్యూటర్లలోనో దాచినప్పుడే అది ప్రతి అనిపించుకొంటుంది. వారానికి ఒకసారి, పరీక్షల కాలంలో ప్రతిదినం ఈ పని చేయడం పండ్లు తోముకొన్నంత సహజమైన అలవాటు కావాలి.

ఈ మూడు కావళ్లూ ఒంటరి మనిషివి. వీటికి తోడు సంఘం కాసే కావలి ఒకటి ఉన్నది. మన రైలు ప్రయాణాలలో, "బాబూ, కాస్త సామాను చూస్తూ ఉండండి" అన్న మాట తరచు వినిపిస్తుంది. చదువుకొన్న కొందరు దీనిని అమాయకత్వమని నవ్వుతారు. నేను అలా భావించను. 1975లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు థామస్ మోరియార్టీ న్యూయార్కు సమీపంలోని జోన్స్ బీచిలో జరిపిన ప్రయోగ ఫలితాలను ప్రకటించాడు. ఒక వ్యక్తి ఇసుకమీద రేడియో పెట్టి వెళ్లిపోతాడు. కొంతసేపటికి దొంగవేషంలో మరొకడు వచ్చి దానిని తీసుకొనిపోతాడు. వెళ్లేముందు ఆ వ్యక్తి ప్రక్కవారితో, "నా వస్తువులు కాస్త చూస్తారా?" అని చెప్పినప్పుడు 20 మందిలో 19 మంది దొంగను అడ్డుకొన్నారు. ఆ మాట చెప్పనప్పుడు 20 మందిలో నలుగురే అడ్డుకొన్నారు. మనుషులు మారలేదు, తీరం మారలేదు. ఒక్క మాట మాత్రమే మారింది. ఆ మాట అపరిచితుని బాధ్యుణ్ణి చేసింది.

మన విద్యార్థి దిగేముందు ఎదుటి సీటులోని పెద్దమనిషికి ఒక్క మాట చెప్పి ఉంటే, "మీ తాలూకు మనిషే అనుకొన్నాము" అన్న జవాబు బహుశా వచ్చేది కాదు. అయితే ఆ మాటను విచక్షణతో వాడాలి. అడగకుండానే "నేను చూస్తుంటాను, మీరు వెళ్లి రండి" అని తొందరపెట్టేవాని కంటె, పిల్లాపాపలతో స్థిరపడి కూర్చున్న కుటుంబాన్ని మనమే ఎంచుకొని అడగడం మంచిది. లాప్‌టాప్‌ను వెంట తీసుకొనిపోవడం సాధ్యమైనప్పుడు ఇతరులపై భారం మోపనే కూడదు. ఆ మాట ఇతరులు మనతో అన్నప్పుడు దానిని చిన్న విషయంగా తీసుకొనరాదు. వారి సామాను వంక ఎవరైనా చేయి చాచితే, "అది ఎవరిదండీ?" అని గట్టిగా అడిగే ధైర్యం మనకు ఉండాలి.

ఇంత జాగ్రత్త మనుషులను అనుమానించే స్వభావాన్ని పెంచదా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఇంటికి తాళం వేసేవాడు ఇరుగుపొరుగును అవమానించినట్లు కాదు. పైగా వస్తువు పోయిన తరువాతనే అనుమానం విజృంభిస్తుంది. వసతిగృహంలో ఒక లాప్‌టాప్ పోతే గదిలోని స్నేహితులు, వంటవారు, ఊడ్చేవారు అందరూ దొంగల వలెనే కనబడతారు. నిర్దోషియైన పేదవాని సంచి సోదా చేస్తారు. ఆ అవమానానికి మూలం యజమాని ఏమరుపాటు కాదా? ముందు జాగ్రత్త నిజానికి నమ్మకాన్ని కాపాడుతుంది.

కాపాడడం పోలీసుల పని, రైల్వేల పని అని మరికొందరు అంటారు. వారి బాధ్యతను ఎవరూ కాదనరు. చట్టం కూడా ఉన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షను ప్రకారం దొంగతనానికి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. ప్రయాణ వాహనాలలోనుండి దొంగిలిస్తే 305వ సెక్షను ప్రకారం ఆ శిక్ష 7 సంవత్సరాల వరకు పెరుగుతుంది. అయితే చట్టం దొంగను శిక్షించగలదే గాని, పోయిన నివేదికను వ్రాసి ఇవ్వలేదు. నష్టపరిహారం విషయంలోనూ ఆశ పెట్టుకొనే వీలు తక్కువ. ప్రయాణికుడు తన వెంట ఉంచుకొన్న సామాను పోతే, రైల్వేవారి నిర్లక్ష్యమో దుష్ప్రవర్తనో రుజువైనప్పుడే వారు బాధ్యులని 1989 నాటి రైల్వే చట్టం చెబుతున్నది. ప్రయాణికుడు తన వస్తువును తాను కాపాడుకోలేకపోతే దానిని రైల్వే సేవాలోపంగా పరిగణించలేమని సుప్రీంకోర్టు 2023 జూన్‌లో తీర్పు చెప్పింది. ఈ తీర్పు కఠినంగా తోచవచ్చు. కాని వాస్తవం తెలిసి మసలుకొనడం వివేకవంతుల లక్షణం.

దొంగతనం జరిగినప్పుడు దిగాలుపడి కూర్చొనరాదు. రైలులో అయితే 139 నంబరుకు, ఇతర చోట్ల 112 నంబరుకు వెంటనే తెలియజేయాలి. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, దగ్గరలోని ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకొనే హక్కును కొత్త చట్టం పౌరులకు స్పష్టంగా ఇచ్చింది. ఎఫ్.ఐ.ఆర్. నకలును ఉచితంగా పొందవచ్చు. అయితే ఫిర్యాదులో "నల్లరంగు లాప్‌టాప్" అని వ్రాస్తే పోలీసులు దేనిని వెదకగలరు? సెల్‌ఫోనుకు ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఉంటుంది. 2023 మే నెలనుండి దేశమంతటా అందుబాటులోనికి వచ్చిన సి.ఇ.ఐ.ఆర్. ద్వారా, పోయిన ఫోనును ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా చేయవచ్చు. సాధారణ లాప్‌టాప్‌కు అటువంటి సౌకర్యం లేదు. దానిని గుర్తించడానికి ఆధారం అడుగుభాగాన ముద్రించిన సీరియల్ నంబరు. ఆ నంబరును, కొన్న రశీదును ముందుగానే వేరొక చోట భద్రపరచుకోవాలి. మరొక యంత్రం నుండి ఈ-మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులను ఆ గంటలోనే మార్చివేయాలి.

ఇంతవరకు దొంగను గురించి, పోగొట్టుకొన్నవానిని గురించి చెప్పుకొన్నాము. మూడవవాడు ఒకడున్నాడు. అతడు కొనేవాడు. సగం ధరకు, రశీదు లేకుండా, పెట్టె లేకుండా, పాస్‌వర్డు "మరచిపోయిన" లాప్‌టాప్ వస్తే అదృష్టమని సంబరపడే విద్యార్థులు లేకపోలేదు. దొంగ దొంగిలించేది తాను వాడుకొనడానికి కాదు, అమ్మడానికి. కొనేవాడు లేనినాడు అతని వృత్తికి అన్నం పుట్టదు. దొంగసొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని కొనడం న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద 3 సంవత్సరాల వరకు శిక్షింపదగిన నేరం. శిక్ష మాట అటుంచి, ఆ యంత్రంలో ఒకనాడు మరొక విద్యార్థి ప్రాజెక్టు నివేదిక ఉండేదని తలచుకొంటే కొనబుద్ధి పుడుతుందా? పాత లాప్‌టాప్ కొనడం తప్పు కాదు. రశీదు అడగకుండా కొనడమే తప్పు.

చివరగా విద్యాసంస్థలకు ఒక విన్నపం. "మీ వస్తువులకు మీరే బాధ్యులు" అన్న పలక ఎన్నో చోట్ల గోడలమీద వ్రేలాడుతున్నది. ఆ పలకతో తమ బాధ్యత తీరిపోయిందని సంస్థలు భావించడం సమంజసం కాదు. సంచిని లోపలికి తేరాదని నియమం పెట్టిన గ్రంథాలయం, ఆ సంచికి తాళం వేసే అర కూడా చూపాలి. చదువుకొనే బల్లలకు తీగ చుట్టుకొనడానికి వీలైన ఇనుప వలయాలు బిగించడానికి అయ్యే వ్యయం అత్యల్పం. ద్వారం వద్ద లాప్‌టాప్‌ల సీరియల్ నంబర్లు పుస్తకంలో వ్రాసుకొని, బయటికి పోయేటప్పుడు సరిచూచే పద్ధతి కష్టమైనది కాదు. కర్మాగారాల ద్వారాల వద్ద సరకుకు జరిగే తనిఖీ, విద్యాలయాల ద్వారాల వద్ద విద్యార్థి శ్రమకు జరగకూడదా?

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, పోయిన తరువాత విచారించి ప్రయోజనం లేదు. ఈ పాఠం చదివిన విద్యార్థులు ఈ రాత్రి నిద్రించేముందు ఒక పని చేస్తే చాలు. తమ వ్రాతలకు ఒక ప్రతి తీసి, సంచిలో కాక వేరొక చోట ఉంచాలి. రేపు ఏ స్టేషనులోనో, ఏ తీరంలోనో దొంగ చేతివాటం చూపినా, అతనికి చిక్కేది లోహం, గాజు మాత్రమే. వారి విద్య వారివద్దనే ఉంటుంది. అప్పుడు పెద్దల మాట మళ్లీ నిజమవుతుంది.